రిలుజోల్ టాబ్లెట్ ఇంట్లో ఎలా వాడాలి: పరగడుపు టైము, ఎస్‌జీపీటీ టెస్టు, మింగలేనప్పుడు దారి

అన్నం తిన్నాక వేయొచ్చా, పొడి చేసి ఇవ్వొచ్చా, మూడు నెలలు వేసినా ఏం తేడా కనపడట్లేదు ఆపేద్దామా. ఎంఎన్‌డీ (మోటార్ న్యూరాన్ డిసీజ్, ఏఎల్‌ఎస్ అందులో ఒక రకం) ఉన్న ఇళ్ల నుంచి నాకు ఫోన్ చేసేవాళ్లు తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతారు. మా అమ్మకి ఏఎల్‌ఎస్ అని తేలినప్పుడు మేమూ ఇవే అడిగాం, డాక్టర్ గారి దగ్గర మాకు దొరికింది పది నిమిషాలు, అందులో సగం సేపు మేం ఏడుస్తూనే ఉన్నాం, చీటీలో మాత్రం "రిలుజోల్ 50, రోజుకి రెండు" అని ఒక లైను ఉంది అంతే. ఆ ఒక్క లైను వెనకాల ఎంత ఉందో తర్వాత ఒక్కోటీ తప్పు చేసి నేర్చుకున్నాం, మీరు ఆ తప్పులు చేయకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు, డోసు మార్చడం, ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం మీ న్యూరాలజిస్ట్ చెప్పాలి, ఇంట్లో మన చేతిలో ఉన్నవి మాత్రం ఇక్కడ చెప్తా.

ముందు ఒక మాట. ఈ మందు ఏఎల్‌ఎస్‌కి, అంటే కండరాల్ని కదిలించే నరకణాలు ఒక్కోటీ చచ్చిపోయే జబ్బుకి. మన దగ్గర "నరాల బలహీనత" అనే మాటలో అన్నీ కలిపేస్తాం, షుగర్ వల్ల అరికాళ్లు మంటలు, మెడ నరం నొక్కుకుని చేయి తిమ్మిరి, పార్కిన్సన్స్ వణుకు, అన్నీ. వాటికి ఇది మందు కాదు. పక్కింటాయనకి ఇచ్చారంట మా నాన్నకీ తెప్పిద్దాం అనుకుంటే దయచేసి ఆగండి, లివర్‌ని దెబ్బతీసే అవకాశం ఉన్న మందు ఇది, ఊరికే వేసుకునేది కాదు.

ఎలా పనిచేస్తుందంటే, నరాల మధ్య గ్లుటమేట్ అనే రసాయనం ఎక్కువై ఆ కణాల్ని దెబ్బతీస్తుందని అంటారు, ఇది ఆ గ్లుటమేట్ విడుదలని తగ్గిస్తుందని అనుకుంటారు. చచ్చిన కణాన్ని తిరిగి బతికించదు, మిగిలినవాటికి కొంచెం కాపలా కాస్తుంది. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ అర్థమైతే తర్వాత సగం తప్పులు జరగవు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డాక్టర్ చీటీ, దానికి ఫోన్‌లో ఒక ఫోటో
- రిలుజోల్ 50 ఎంజీ టాబ్లెట్లు, కనీసం పది రోజులు ముందుగానే తెచ్చిపెట్టుకోండి, చిన్న ఊళ్లల్లో ప్రతి మెడికల్ షాపులో ఉండదు, తెప్పించాలి
- మొదలుపెట్టకముందు చేయించిన ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులు
- ఫోన్‌లో రెండు అలారాలు
- ఒక నోటుబుక్కు (ఇది లేకుండా మాత్రం మొదలుపెట్టకండి)
- థర్మామీటర్, బరువు చూసే మెషిన్

1. స్ట్రిప్ మీద పేరు మీరే చదవండి

బ్రాండ్ పేరు ఏదైనా ఉండొచ్చు, ఆ కింద చిన్న అక్షరాల్లో రిలుజోల్ అని, 50 ఎంజీ అని ఉందా లేదా చూడండి. ఒక బ్రాండ్ దొరక్కపోతే షాపతను ఇంకోటి ఇస్తాడు, అందులో తప్పు లేదు, కానీ లోపల మందు అదేనా, ఎంజీ అదేనా అన్నది కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోవాలి, ఇంటికొచ్చాక కాదు. ఎక్స్‌పైరీ కూడా అక్కడే చూసేయండి, తక్కువ అమ్ముడుపోయే మందు కాబట్టి షెల్ఫులో పాతబడి ఉండే అవకాశం ఉంది.

దాచేది ఎండ పడని, వేడి తగలని చోట. ఫ్రిజ్ పైన, పొయ్యి గట్టు మీద, కిటికీలో వద్దు. మా గుంటూరు ఎండల్లో మేం బీరువాలో బట్టల మధ్య డబ్బాలో పెట్టేవాళ్లం. పిల్లలకి అందకూడదు, ఇది వేరే చెప్పక్కర్లేదు.

2. మొదటి టాబ్లెట్ కంటే ముందు రక్త పరీక్ష

చాలా ఇళ్లల్లో ఇక్కడే జారిపోతుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది, చీటీ రాసినరోజే షాపుకెళ్లి తెచ్చి ఆ రాత్రే వేసేశాం, టెస్టు సంగతి మాకెవరూ చెప్పలేదు, రెండు నెలల తర్వాత వేరే డాక్టర్ "మొదట్లో లివర్ రిపోర్టు ఏది" అని అడిగితే మా దగ్గర లేదు. అప్పటికి ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె) 70 చిల్లర ఉంది, అది మందు వల్ల పెరిగిందా ముందు నుంచే ఉందా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు.

కాబట్టి ముందు ఎల్‌ఎఫ్‌టీ, సీబీసీ చేయించండి. డాక్టర్లు ఏఎల్‌టీ అనేదాన్నే మన ల్యాబులు ఎస్‌జీపీటీ అని ప్రింట్ చేస్తాయి, రెండూ ఒకటే. ఇంతకుముందు పచ్చకామెర్లు వచ్చాయా, హెపటైటిస్ బి ఉందా, ఫ్యాటీ లివర్ అన్నారా, మద్యం అలవాటుందా, ఇవన్నీ దాచకుండా చెప్పాలి. నాన్నగారి పరువు పోతుందని తాగే సంగతి దాచిన ఇల్లు నాకు తెలుసు, అక్కడ ప్రమాదంలో పడేది పరువు కాదు లివర్. గర్భం, బిడ్డకి పాలివ్వడం ఉన్నా ముందే చెప్పాలి, అప్పుడు ఈ మందు వద్దంటారు.

3. టైము: ఆరు, ఆరు

మామూలు డోసు 50 ఎంజీ, రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో. ఖాళీ కడుపున, అంటే తినడానికి కనీసం గంట ముందు గానీ, తిన్న రెండు గంటల తర్వాత గానీ. కొవ్వెక్కువున్న తిండితో పాటు వేస్తే మందు ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. నెయ్యి వేసిన ఉప్మా, పూరీ కూర, బిర్యానీ, వీటి మీద వేస్తే డబ్బు పెట్టి కొన్న టాబ్లెట్‌లో కొంత వృథాగా పోయినట్టే.

మన ఇళ్లల్లో "టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి అన్నం తర్వాత ఒకటి" అనే అలవాటు రక్తంలో ఉంది, అన్ని మందులూ అలాగే వేస్తాం, దీన్ని మాత్రం ఆ గుంపులోంచి బయటికి తీయాలి. మాకు కుదిరిన టైము ఇది:

- పొద్దున 6కి టాబ్లెట్, మంచినీళ్లతో. 7కి కాఫీ. 7:30కి ఇడ్లీ.
- సాయంత్రం టీ, బిస్కెట్లు, పకోడీ ఏదైనా 4 లోపు అయిపోవాలి. 6కి రెండో టాబ్లెట్. 7:30కి అన్నం.

జారిపోయేది సాయంత్రం డోసే. చుట్టాలొస్తారు, అయిదింటికి మిర్చి బజ్జీ పెడతారు, ఆరింటికి అలారం మోగుతుంది, ఇప్పుడేం చేయాలి? ఏడింటికి జరిపి, అన్నం ఎనిమిదికి పెట్టండి, గంట అటూ ఇటూ అయితే కొంప మునగదు, రోజూ అలా జరగకూడదు అంతే. ఆరింటికి లేవని ఇల్లయితే 8, 8 పెట్టుకోండి, టిఫిన్ తొమ్మిదికి, రాత్రి అన్నం తొమ్మిదికి. ఏ టైమైనా ఒక్కసారి పెట్టుకున్నాక మార్చకుండా ఉండటం ముఖ్యం. థైరాయిడ్ టాబ్లెట్ కూడా పరగడుపునే వేసేవాళ్లుంటే ఏది ముందు ఏది వెనక అన్నది డాక్టర్‌ని అడిగి నోటుబుక్కులో రాసుకోండి.

4. మర్చిపోతే

మర్చిపోయిన టాబ్లెట్‌ని వదిలేయండి, తర్వాతది మామూలు టైముకే వేయండి. రెండూ కలిపి ఒకేసారి వేయొద్దు. "పొద్దున వేశామా లేదా" అనే అనుమానం వస్తే దానికి మందు నోటుబుక్కే, వేసిన వెంటనే టిక్ పెట్టడం, వేసే ముందు కాదు. ఇద్దరు ముగ్గురు చూసుకునే ఇంట్లో అక్క ఒకటి, వదిన ఒకటి ఇచ్చేసే ప్రమాదం నిజంగా ఉంది. పొరపాటున ఎక్కువ పడితే స్ట్రిప్ చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పోండి, ఇంట్లో కూర్చుని చూద్దాం అనుకోకండి.

5. మొదటి నెల ఎలా ఉంటుంది

నీరసం, కడుపులో తిప్పడం, తల తిరగడం, మత్తుగా ఉండటం, కొందరికి పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉండటం, కడుపునొప్పి, విరేచనాలు. చాలామందికి తట్టుకునేంతలోనే ఉంటాయి. కానీ ఏఎల్‌ఎస్ మనిషికి తల తిరగడం అంటే పడిపోవడం, పడిపోతే పట్టుకోవడానికి చేతుల్లో బలం ఉండదు, తల నేలకి కొట్టుకుంటుంది. మొదటి రెండు మూడు వారాలు ఒంటరిగా బాత్రూమ్‌కి పంపకండి, బండి నడపనివ్వకండి. మంచం మీంచి లేచేటప్పుడు ముందు కూర్చోబెట్టి, ఒక నిమిషం ఆగి, అప్పుడు నిలబెట్టండి.

నీరసం విషయంలో ఒక చిక్కుంది, అది మందు వల్లా జబ్బు వల్లా అన్నది మీకు తెలీదు. అందుకే మొదలుపెట్టే ముందు రోజు నోటుబుక్కులో రాయండి: ఎన్ని అడుగులు నడుస్తున్నారు, గ్లాసు ఎత్తగలుగుతున్నారా, చొక్కా గుండీలు ఎంతసేపు పడుతున్నాయి. తర్వాత డాక్టర్‌కి చూపించడానికి అదే ఆధారం.

6. నెలనెలా టెస్టు, రిపోర్టు చదవడం

మొదటి మూడు నెలలు నెలకొకసారి, ఆ ఏడాదిలో మిగతా రోజులు మూడు నెలలకొకసారి, తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా. ఇది మామూలుగా చెప్పే లెక్క, మీ డాక్టర్ దగ్గర దగ్గరగా చేయిస్తే ఆయన మాటే వినండి. డేటు క్యాలెండర్ మీద ఎర్రగా చుట్టండి.

రిపోర్టు రాగానే ఎస్‌జీపీటీ లైను వెతకండి, పక్కనే నార్మల్ రేంజ్ ఉంటుంది, అందులో పై అంకె పట్టుకోండి. ఉదాహరణకి పై అంకె 45 అనుకుందాం. మూడు రెట్లు 135, అయిదు రెట్లు 225. ఈ రెండు అంకెలూ నోటుబుక్కు అట్ట మీద రాసిపెట్టుకోండి, ల్యాబ్ మారితే మళ్లీ లెక్కేయండి ఎందుకంటే పై అంకె ల్యాబుకో రకంగా ఉంటుంది.

- పై అంకెకి కొంచెం పైన ఉంటే భయపడి ఆపేయొద్దు. మందు వాడినవాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒకసారి కొద్దిగా పెరుగుతుంది, చాలామందికి దానంతటదే దిగుతుంది. డాక్టర్‌కి ఫోటో పంపండి, తర్వాత టెస్టు ముందుకి జరుపుతారు.
- మూడు రెట్లు దాటితే అదే రోజు ఫోన్ చేయాలి. మొదలుపెట్టకముందే ఇంత ఉంటే యూరప్ నిబంధనల ప్రకారం అసలు మొదలే పెట్టరు.
- అయిదు రెట్లు దాటితే మందు ఆపిస్తారు. తగ్గింది కదా అని మళ్లీ మీరే మొదలుపెట్టొద్దు.
- అంకె ఎంతున్నా సరే కళ్లు పచ్చబడితే, మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి వస్తే, ఒళ్లంతా దురద, అన్నం చూస్తే వికారం ఉంటే ఆగకుండా డాక్టర్ దగ్గరకి.

కళ్లు చూసేది పగటి వెలుతురులో. మా అమ్మ కళ్లు రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద ఒకసారి పచ్చగా అనిపించి ఇల్లంతా గుండెలు గుప్పెట్లో పెట్టుకుని తెల్లార్లూ కూర్చున్నాం, పొద్దున వాకిట్లో కుర్చీ వేసి కింది రెప్ప లాగి చూస్తే తెల్లగానే ఉంది. తప్పు అటువైపు కూడా జరుగుతుంది, పసుపు లైటు కింద నిజమైన పచ్చదనం దాక్కుంటుంది. అందుకే ఆదివారం ఆదివారం పొద్దున వాకిట్లో చూడటం అలవాటు చేసుకున్నాం.

7. జ్వరం, పొడి దగ్గు

జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి రెండ్రోజులు చూద్దాం అనేది మన పద్ధతి. ఈ మందు వాడేవాళ్లకి అది కుదరదు. అరుదుగా తెల్లకణాలు బాగా పడిపోతాయి, న్యూట్రోపీనియా అంటారు, అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది. జ్వరం రాగానే డాక్టర్‌కి చెప్పి సీబీసీ చేయించండి, రిపోర్టులో న్యూట్రోఫిల్స్ (ఆ తెల్లకణాల్లో ఒక రకం) ఎంతున్నాయో అడగండి. పారాసెటమాల్ కూడా మోతాదు అడిగే వేయండి, రెండు మందుల బరువూ పడేది ఒకే లివర్ మీద కదా.

కఫం లేని పొడి దగ్గు, ఆయాసం కొత్తగా మొదలైతే ఊపిరితిత్తుల ఎక్స్‌రే అవసరం పడొచ్చు, అరుదుగా ఈ మందు ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది. ఆయాసం ఎలాగూ జబ్బులో భాగమే అని సరిపెట్టుకోవద్దు, ఏది దేనివల్లో తేల్చేది డాక్టర్, మన పని ఎప్పుడు మొదలైందో తారీఖుతో సహా చెప్పడం.

8. దీంతో పాటు వేయకూడనివి, అడిగి వేయాల్సినవి

విరేచనాలకి, మూత్రంలో మంటకి మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేసే సిప్రోఫ్లాక్ససిన్ ఉంది చూడండి, అది రిలుజోల్‌ని ఒంట్లోంచి బయటికి పోనివ్వకుండా ఆపి రక్తంలో దాని పాళ్లు పెంచేస్తుంది. ఫ్లువాక్సమిన్ అనే డిప్రెషన్ మందు కూడా అంతే. ఎంఎన్‌డీ ఇళ్లల్లో డిప్రెషన్ మందులు రాస్తుంటారు కాబట్టి ఆ చీటీ రాసే డాక్టర్‌కి రిలుజోల్ వాడుతున్నట్టు ఖచ్చితంగా చెప్పాలి.

దానికి ఉల్టా, సిగరెట్ పొగ ఈ మందు పాళ్లని తగ్గించేస్తుంది. రోజూ పొద్దున వేసే గ్యాస్ టాబ్లెట్ ఒమెప్రజోల్ కూడా తగ్గించే వాటి జాబితాలో ఉంది, మీరు వాడుతుంటే డాక్టర్ చెవిన వేయండి. మద్యం తాగడం పూర్తిగా మానేస్తే మంచిది.

ఇక కషాయాలు. ఈ జబ్బుకి ఎవరో ఒకరు ఏదో ఒక పొడి తెస్తారు, ప్రేమతోనే తెస్తారు, కాదనడం కష్టం. కానీ తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే డాక్టర్లు రిపోర్టు చేశారు. ఏం కలిపారో తెలియని పొడి రిలుజోల్‌తో పాటు పడితే రేపు ఎస్‌జీపీటీ పెరిగినప్పుడు ఎవరిదో తేలదు, చివరికి ఆపేది అసలు మందునే. నేనైతే తెచ్చినవాళ్లకి దండం పెట్టి "డాక్టర్‌ని అడిగి వేస్తాం మావయ్యా" అని తీసి పక్కన పెట్టేదాన్ని.

9. మింగడం కష్టమైనప్పుడు

నేను చేసిన పెద్ద తప్పు ఇది. అమ్మకి జబ్బు మాట దగ్గర మొదలైంది, నాలుక మొద్దుబారి ముద్ద తిరగట్లేదు, టాబ్లెట్ గొంతు దగ్గర ఆగిపోతోంది. సరే అని రెండు స్పూన్ల మధ్య నొక్కి పొడి చేసి పెరుగులో కలిపి పెట్టా. రెండు నిమిషాల్లో అమ్మ నోరు చూపిస్తూ ఏదో చెప్తోంది, నాలుక, చిగుళ్లు తిమ్మిరెక్కిపోయాయి, పళ్లు పీకించుకునేటప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ లాగా. నాకు తెలీక వెంటనే నీళ్లు తాగించా. స్పర్శ లేని నోట్లోంచి ఆ నీళ్లు ఊపిరితిత్తుల వైపు పోయి ఊపిరాడక ఎంత దగ్గిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రిలుజోల్ పొడి నోటికి తగిలితే మొద్దుబారుస్తుంది, అది దాని గుణం. ఇప్పటికే మింగడం కష్టంగా ఉన్న మనిషికి అది రెండింతల ప్రమాదం. కాబట్టి:

- టాబ్లెట్ మొత్తంగానే మింగాలి, నమలకూడదు. గడ్డం కొంచెం కిందికి వంచి, నిటారుగా కూర్చోబెట్టి, ఒకే గుక్కతో. పడుకోబెట్టి వేయొద్దు.
- గొంతులో ఆగుతోంది, నీళ్లకి దగ్గొస్తోంది అంటే పొడి చేయకండి, డాక్టర్‌కి చెప్పండి, స్పీచ్ థెరపిస్ట్‌తో మింగే పరీక్ష చేయిస్తారు.
- డాక్టరే పొడి చేసి ఇవ్వమంటే, దేంట్లో కలపాలి, ఎంతసేపటిలో ఇవ్వాలి, ఇచ్చాక ఎంతసేపు ఏమీ పెట్టకూడదు అన్నవి అడిగి రాసుకోండి. తిమ్మిరి పూర్తిగా పోయేదాకా చుక్క నీళ్లు కూడా వద్దు.
- పెగ్ ట్యూబ్ (తిండి నేరుగా పొట్టలోకి పంపే గొట్టం) ఉంటే అందులోంచి ఎలా ఇవ్వాలో నర్సు చేత ఒకసారి మీ ముందే చేయించుకోండి. ముందూ వెనకా నీళ్లతో ట్యూబ్ కడగాలి, లేకపోతే పొడి పేరుకుని మూసుకుపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపించగలిగితే ద్రవం రూపంలో కూడా ఉంది, 2018లో అక్కడ అనుమతి వచ్చింది. ఒక ఎంఎల్‌లో 5 ఎంజీ, అంటే 50 ఎంజీ డోసు 10 ఎంఎల్. దాంతో వచ్చే సిరంజీతోనే కొలవాలి, టీ స్పూన్‌తో కాదు. కనీసం 30 సెకన్లు సీసాని మెల్లగా తిప్పి కలపాలి, తెరిచాక 15 రోజులే, తెరిచిన తారీఖు సీసా మీద రాయండి. అక్కడి డాక్టర్ చీటీ వేరు, ఇక్కడ మీ న్యూరాలజిస్ట్‌కి చెప్పకుండా మార్చొద్దు.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

కనపడదండి. దీనికి సిద్ధపడాలి. నెల తర్వాత చేయి లేస్తుందని, మాట స్పష్టమవుతుందని ఎదురుచూస్తే ఏం రాదు, అప్పుడు "పనికిమాలిన మందు" అని ఆపేస్తారు. 1996లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 959 మంది ఉన్నారు, అలాంటి ట్రయల్స్ లెక్కల్లో ఆయుష్షు సగటున రెండు మూడు నెలలు పెరిగింది, తర్వాత రోగుల రికార్డులు చూసినవాళ్లు అంతకంటే ఎక్కువే లాభం ఉండొచ్చన్నారు. చిన్నదిగా కనపడుతుంది. మా ఇంట్లో ఆ రెండు మూడు నెలల్లో చెల్లెలి పెళ్లి ఉంది, అమ్మ కుర్చీలో కూర్చుని అక్షింతలు వేసింది. అది మందు వల్లేనని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు, కానీ మేం ఒక్క డోసు కూడా వదలకుండా వేసినందుకు నాకు మనశ్శాంతి ఉంది.

కాబట్టి చూడాల్సింది వేరే. టాబ్లెట్లు లెక్కపెట్టండి, నెల చివర స్ట్రిప్‌లో మిగిలినవీ నోటుబుక్కులో టిక్కులూ సరిపోవాలి. బరువు వారానికోసారి చూడండి, ఏఎల్‌ఎస్‌లో బరువు తగ్గడం మంచిది కాదు, తగ్గుతుంటే తిండి, పెగ్ ట్యూబ్ సంగతి వాయిదా వేయకుండా మాట్లాడండి. రాత్రి నిద్రపట్టకపోవడం, పొద్దున తలనొప్పి ఉంటే ఊపిరి బలం తగ్గుతుండొచ్చు, బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మెషిన్) గురించి అడగండి. టాబ్లెట్ వేస్తున్నాం కదా అని ఈ రెండూ వెనక్కి నెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి, ఏ టాబ్లెట్టూ వాటి పని చేయదు. డాక్టర్ దగ్గర ఏఎల్‌ఎస్ స్కోరు వేయించుకోండి, 12 ప్రశ్నలు, మొత్తం 48 మార్కులు, మాట, మింగడం, రాయడం, నడక, ఊపిరి అన్నీ వస్తాయి, మూడు నెలలకోసారి ఆ అంకె రాసుకుంటే జబ్బు ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది.

ఏఎల్‌ఎస్‌కే ఇచ్చే ఇంకో మందు ఎడారవోన్ కూడా రాశారు, రెండూ కలిపి వాడొచ్చా అని అడుగుతారు. ఎడారవోన్ ట్రయల్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది రిలుజోల్ వాడుతూనే ఉన్నారు, డాక్టర్లు రెండూ కలిపి ఇస్తారు. కావాలా వద్దా, ఖర్చు భరించగలమా అన్నది మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోండి.

డాక్టర్ దగ్గరకి వెళ్లేటప్పుడు నోటుబుక్కు మొదటి పేజీలో ఇవి ఉండాలి: మందు మొదలైన తారీఖు, ఇప్పటిదాకా వచ్చిన ఎస్‌జీపీటీ అంకెలన్నీ వరసగా, బరువులు, జ్వరం వచ్చిన రోజులు, వదిలేసిన డోసులు, ఇంట్లో వేసే మిగతా మందులన్నీ, కషాయాలతో సహా. లోపలికి వెళ్లగానే ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టండి.